‘లంకమేత’కు ఒకే ఒక్క సాక్షి

బెజవాడలో ఇప్పుడు ఎవరూ ఎవరితోనూ “మీ పుస్తకం చదివానండీ” అనడం లేదు.

రెండువేల ఎనభై ఆరు ఉగాది దాకా ఆ మాట ఊళ్ళో మంచినీళ్ళకంటే చవగ్గా దొరికేది. టిఫిన్ హోటల్లో దొరికేది, పెళ్ళి పందిట్లో దొరికేది, ఆవిష్కరణ సభల్లోనైతే శాలువా మీద కొసరుగా ఇచ్చేవారు. “ఏకబిగిన చదివించిందండీ, కింద పెట్టలేకపోయాను” అన్న పెద్దమనిషికి పుస్తకం పేరు కూడా సరిగ్గా గుర్తుండేది కాదు. ఆ సంగతి రచయితకూ తెలుసు. అయినా నిలదీసేవాడు కాదు. ముందురోజే ఆయన కూడా ఇంకొకరి పుస్తకం గురించి అదే మాట చెప్పి, వాళ్ళింట్లో ఉప్మా తిని వచ్చి ఉండేవాడు మరి. అబద్ధం ఇద్దరికీ సరిపోయింది కాబట్టి దానికి మర్యాద అని పేరు పెట్టుకున్నారు.

ఉగాది మర్నాడు కనుసాక్షి నోరు తెరిచింది. ఆ మర్యాద కాస్తా పోయింది.

కనుసాక్షి అంటే గది నిండా పట్టే పెద్ద యంత్రమేమీ కాదు. కాగితం మీద అచ్చు ఆగిపోయి అప్పటికి ముప్ఫై ఏళ్ళు. అందరూ చదివేదీ, రాసేదీ పలకల మీదే. పలక తనలో ఏదీ దాచుకోదు. కృష్ణ ఒడ్డున ఉన్న గ్రంథ భాండాగారం నుంచి పుట వస్తుంది, చదవగానే వెళ్ళిపోతుంది. ఇంట్లో సొంత ప్రతి అనే మాట పిల్లలకు తెలియదు. ఆ పలక పైఅంచున నువ్వుగింజంత సెన్సర్ ఒకటి ఉంటుంది. దానికి చూపుగ్రాహి అని పేరు. చదివే మనిషి కన్ను మనం అనుకున్నట్టు అక్షరాల మీద జారుతూ పోదు, గెంతుతుంది. ఒక మాట మీద వాలుతుంది, రెండు మాటలు దాటేస్తుంది, అర్థం కాకపోతే వెనక్కు గెంతుతుంది. మనసుకు తగిలిన చోట కంటిపాప వెడల్పవుతుంది. చదువుతున్నట్టు నటించేవాడి కన్ను కూడా గెంతుతుంది కానీ, ఆ గెంతులన్నీ దాదాపు ఒకే కొలతలో ఉంటాయి, వెనక్కు తిరగవు. ఈ కనుగంతులను బట్టి మనసు పెట్టి చదివిందెంత, ఊరికే పుట తిప్పిందెంత అని తేల్చే గణితాన్ని డాక్టర్ మస్తాన్‌బీ కనిపెట్టింది. అలా తేలిన అంకెను పఠనశాతం అన్నారు.

ఆవిడ ఊరు చిలకలూరిపేట. తండ్రి అద్దె పుస్తకాల షాపు నడిపేవాడు. తిరిగిచ్చేటప్పుడు మనిషి మొహం చూసి “చదవలేదు కదూ” అనేసేవాడట. ఆయన మొహం చూసి చెప్పిన సంగతిని ఆయన కూతురు కన్ను చూసి చెప్పే యంత్రానికి నేర్పింది.

పలకలు ఏడేళ్ళుగా ఎవరెవరు ఏది ఎంత చదివారో రాసుకుంటూనే ఉన్నాయి. ఎవరికీ చూపించలేదు. చూపించక తప్పని పరిస్థితి రచనాయంత్రాల వల్ల వచ్చింది. అవి రోజుకు నాలుగు లక్షల నవలలు రాసి పడేస్తుంటే భాండాగారం నిండిపోయింది. అందుకని సజీవ గ్రంథ చట్టం తెచ్చారు. మనిషి రాసిందైనా యంత్రం రాసిందైనా సరే, ఐదేళ్ళలో ఒక్క మనిషైనా ఎనభై శాతం చదివి ఉండాలి. చదివిన మనిషి స్వయంగా వచ్చి సాక్షిగా వాంగ్మూలం రాసివ్వాలి. ఆ వాంగ్మూలం పుస్తకం మొదటి పుటకు ముందు శాశ్వతంగా ఉంటుంది, మిగతా ముందుమాటలన్నీ ఎగిరిపోతాయి. సాక్షి దొరకని పుస్తకాన్ని చెరిపేస్తారు.

ఈ చట్టం కావాలని రాష్ట్రమంతా తిరిగి సంతకాలు సేకరించినవాళ్ళలో మొదటివాడు నవలాకారుడు వేజెండ్ల ఆదిశేషు.

ఆదిశేషుకు అరవై తొమ్మిదేళ్ళు. ఏడు నవలలు రాశాడు. వాటిలో ఆఖరిది, పెద్దది ‘లంకమేత’. తొమ్మిదివందల ముప్ఫై ఆరు పుటలు. కృష్ణ మధ్యలో ఉన్న ఒక లంకగ్రామం వరదలో పోవడం దాని కథ. పదకొండేళ్ళు రాశాడు. భార్య పోయింది, కంటిచూపు సగం పోయింది, నవల మిగిలింది. ఇక ఇంకొకటి రాసే ఓపిక తనకు లేదని ఆయనకు తెలుసు.

ఆయన చట్టం కోసం అంతగా తిరగడానికి కారణం సాహిత్య సేవ కాదు. విమర్శకురాలు ఉప్పులూరి సుభాషిణి మీద కసి. ముప్ఫై ఏళ్ళుగా ఆయన ప్రతి నవలనూ ఆవిడ సమీక్షించింది, ప్రతిదాన్నీ తిట్టింది. ‘లంకమేత’నూ తిట్టింది. ఆవిడ తన పుస్తకాలు చదవదనీ, నాలుగు పుటలు తిరగేసి నలభై రాళ్ళు వేస్తుందనీ ఆదిశేషు నమ్మకం. పలకల లెక్క బయటపడితే ఆవిడ బండారం బయటపడుతుంది. పదిమందిలో ఆవిడ తల వంచుకోవడం చూసి పోతే చాలనుకున్నాడు. తన పుస్తకానికి సాక్షులు దొరుకుతారా అన్న బెంగ ఆయనకు ఏనాడూ లేదు. ‘లంకమేత’ మీద నలభై ఒక్క మంది సభల్లో మాట్లాడారు. నలభై ఒక్క మందీ ఏకబిగిన చదివామన్నవాళ్ళే.

గడువు ముగిసే రోజు మంగళవారం. సాయంత్రం నాలుగింటికి ‘లంకమేత’ వచ్చి ఐదేళ్ళు నిండుతాయి. మధ్యాహ్నం రెండింటికి భాండాగారంలో విచారణ. ఆదిశేషు నలభై ఒక్క మందికీ కబురు పెట్టాడు. ఒకాయనకు మోకాళ్ళ నొప్పి, ఇంకొకాయన మనవరాలికి ఓణీల వేడుక, ఇంకొకావిడ ఆ రోజు మౌనవ్రతం. వచ్చింది ఒక్కడు. ‘లంకమేత’కు పదహారు పుటల ముందుమాట రాసిన పరిమి విశ్వేశ్వరం, ఆదిశేషుకు చిన్ననాటి స్నేహితుడు.

“మిగతావాళ్ళేరిరా?” అన్నాడు ఆదిశేషు లిఫ్టు దగ్గర.

“వస్తార్లేరా. నేనున్నాగా. ఒక్కడు చాలని చట్టమే చెప్తోందిగా” అన్నాడు విశ్వేశ్వరం, మొహం తుడుచుకుంటూ. అక్కడ చల్లగానే ఉంది, అయినా ఆయనకు చెమట పట్టింది.

విచారణ గదిలో పొడుగాటి బల్ల వెనక మస్తాన్‌బీ కూర్చుని ఉంది. పక్కన గోడకు తెర. కనుసాక్షి మాట్లాడేది ఆ తెరలోంచే. గది చివర కిటికీ పక్కన, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని సుభాషిణి కూర్చుని ఉంది. అరవై నాలుగేళ్ళ మనిషి, నిటారుగా ఉంటుంది. ఆదిశేషుకు ఒళ్ళు మండింది, సంతోషం కూడా వేసింది. పిలవకుండానే వచ్చిందంటే తల వంచుకోవడానికి స్వయంగా వచ్చిందన్నమాట.

“డాక్టరమ్మా, ముందు ఆవిడ లెక్క చెప్పించండి. మిగతాది తర్వాత చూద్దాం” అన్నాడు కూర్చోకుండానే.

“మీ ఇష్టం కాదు సార్. తక్కువ నుంచి ఎక్కువకు చదవాలని రూలు. కూర్చోండి.”

“అట్లా అయితే మొదటి పేరు ఆవిడదే” అని ఆదిశేషు కూర్చున్నాడు.

మొదటి పేరు ఆవిడది కాదు.

“పరిమి విశ్వేశ్వరం గారు,” అంది కనుసాక్షి, బ్యాంకులో పాస్‌బుక్ అందించే గొంతుతో. “పఠనశాతం ఒకటి లోపు. చదివినవి పేరుపుట, అంకితం, ఆఖరి పుటలో చివరి నాలుగు పంక్తులు. తాము రాసిన ముందుమాటను పంతొమ్మిదిసార్లు చదివారు.”

కిటికీ దగ్గర సుభాషిణి సంచీలోంచి మంచినీళ్ళ సీసా తీసి రెండు గుక్కలు తాగింది.

“ఒరేయ్,” అన్నాడు ఆదిశేషు మెల్లగా. “పదహారు పుటలు రాశావు కదరా. నాగలి పట్టినవాడి చేతిలో కలం అన్నావు. మహానదీ ప్రవాహం అన్నావు.”

“అన్నాను. తప్పేముంది? నీమీద నమ్మకంరా. చదివి తెలుసుకోవాల్సిన ఖర్మ నాకేంటి? నువ్వు మాత్రం నా ఆత్మకథ చదివావా? కనుక్కోమను ఆ యంత్రాన్ని.”

“ఈ విచారణకు సంబంధం లేదు” అంది మస్తాన్‌బీ. “అడిగితే మాత్రం చెప్తుంది.”

ఆదిశేషు అడగలేదు.

తర్వాత పేర్లు వరసగా వచ్చాయి. రెండు శాతం, రెండు, మూడు. పురస్కార సంఘం అధ్యక్షుడు నాలుగు. విశ్వవిద్యాలయంలో ‘లంకమేత’ మీద పరిశోధన చేయించి ఇద్దరికి పట్టాలిప్పించిన ఆచార్యుడు నాలుగున్నర. ఒకాయన అన్ని పుటలూ తిప్పాడు కానీ కనుగంతులన్నీ ఒకే కొలతలో ఉన్నాయనీ, కంటిపాప తీరును బట్టి పుటలు తిప్పిన మూడు గంటల్లో రెండు గంటలు ఆయన కళ్ళు తెరుచుకునే నిద్రపోయాడనీ కనుసాక్షి చెప్పింది. ఒకావిడ బందరు రైల్లో ముప్ఫై ఒకటి దాకా వచ్చి ఆగింది. నూజివీడులో ఒక పెద్దాయన అరవై రెండు శాతం దగ్గర ఆగాడు. ఆ రాత్రే ఆయన పోయాడట. ఆ జాబితాలో క్షమించదగ్గవాడు ఆయనొక్కడే.

ప్రతి అంకెకూ ఆదిశేషు మొహం కాస్త కాస్త కిందికి దిగింది. ఆయనకు కోపం రాలేదు, భయం వేసింది. ఇన్నేళ్ళుగా మెడలో పడ్డ దండలన్నీ ఒక్కసారిగా ఎవరో తిరిగి అడుగుతున్నట్టు అనిపించింది. పైగా ఒక పేరు ఇంకా రాలేదు. ముప్ఫై దాటినా రాలేదు, అరవై దాటినా రాలేదు.

“ఎనభై దాటినవారు ఒక్కరు,” అంది కనుసాక్షి. “ఉప్పులూరి సుభాషిణి గారు. నూరు శాతం. నాలుగుసార్లు.”

“అబద్ధం!” ఆదిశేషు లేచి నిలబడ్డాడు. “యంత్రం చెడింది. ఆవిడ నా పుస్తకం చదవడమేంటి? నాలుగుసార్లు చదవడమేంటి?”

“పలక ముందు ఎవరి కళ్ళు ఉన్నాయో యంత్రానికి తెలుసు సార్. ఈ చట్టం కావాలని అడిగింది మీరు. మొదటి సంతకం మీది” అంది మస్తాన్‌బీ. ఆ గొంతులో జాలి లేదు. ఉగాది నుంచి రోజుకు పదిమంది రచయితలను చూస్తోందావిడ. అందరూ యంత్రం చెడిందనే అంటున్నారు.

సుభాషిణి లేచి వచ్చి బల్లకు ఇటువైపు కుర్చీలో కూర్చుంది. ఆదిశేషు వైపు చూడలేదు.

“వాంగ్మూలం నిన్ననే ఇచ్చాను. మూడు పుటలు. ఆయనకు చూపించండి” అంది.

చట్టంలో ఒక మెలిక ఉంది. సాక్షి దొరికినా రచయిత ఒప్పుకోవాలి. పనికిమాలిన మాటలు తమ పుస్తకాల నెత్తిన శాశ్వతంగా ఎక్కించుకోవడం ఇష్టం లేని రచయితలంతా కలిసి పోరాడి సాధించుకున్న హక్కు అది. దాని కింద ఇంకో షరతు కూడా ఉంది. ఒకసారి కాదన్నాక ఆ సాక్షి మళ్ళీ పనికిరాదు, ఇంకో సాక్షి లేకపోతే గడువు దాకా ఆగకుండా అప్పుడే చెరిపేస్తారు. పొద్దున కాదని సాయంత్రం ఔననే రచయితల స్వభావం తెలిసినవాళ్ళెవరో ఆ షరతు చేర్చారు.

మస్తాన్‌బీ పలకను ఆదిశేషు ముందుకు జరిపింది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చదవడం మొదలుపెట్టాడు.

‘ఈ నవలలో మొదటి మూడువందల పుటలు పాఠకుడికి వేసిన శిక్ష. రచయితకు తన వాక్యం మీద ఉన్న మోజులో పదోవంతు తన మనుషుల మీద లేదు. లంకలో పశువులు మేసినట్టు ఈయన మాటలు మేస్తాడు, నెమరు వేస్తాడు, కదలడు. వరద వచ్చేలోపే పాఠకుడు మునిగిపోతాడు.’

ఆయన పలకను బోర్లించి బల్ల మీద పెట్టాడు.

“చూశావట్రా?” అన్నాడు విశ్వేశ్వరంతో. “ముప్ఫై ఏళ్ళ విషం. ఇది నా పుస్తకానికి ముందుమాటట.”

“ఒప్పుకోకురా శేషూ,” అన్నాడు విశ్వేశ్వరం వెంటనే. ఆవిడ వాంగ్మూలం ఎక్కితే తన పదహారు పుటలూ పోతాయని ఆయనకు తెలుసు. “నీ పరువేం గాను? వందేళ్ళ తర్వాత పిల్లలు పుస్తకం తెరిస్తే మొదట కనిపించేది ఇదేనా? దీనికంటే పోవడం నయం.”

“చివరిదాకా చదవండి సార్” అంది మస్తాన్‌బీ. “ఇంకా చాలా టైముంది. మూడున్నరన్నా కాలేదు.”

“ఎందుకు? అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలు.”

“ఆ మాట పుస్తకాలకు వర్తించదనే కదండీ మీరు సంతకాలు పోగేసింది?”

ఆదిశేషు వినలేదు. సుభాషిణి వైపు తిరిగాడు. “మీకేం అన్యాయం చేశానండీ నేను? నాలుగుసార్లు చదివారట. ఎక్కడ పొడవాలా అని వెతుక్కోవడానికి నాలుగుసార్లు! నా పుస్తకం బతకాలంటే మీ చెప్పులు నెత్తిన పెట్టుకోవాలా?”

“నేను రాసింది మీ చేతిలో ఉంది,” అంది సుభాషిణి. “చదువుకోండి. చదవండీ అని బతిమాలడం మాత్రం నాకు చేతకాదు. మీ నలభై ఒక్క మందినీ మీరు బతిమాలుకున్నట్టు నేను బతిమాలను.”

ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. ఆవిడకూ ఆ సంగతి తెలుసు, అయినా అనేసింది. ముప్ఫై ఏళ్ళ పగలో ఆవిడ వాటా ఆవిడకుంది.

“పదకొండేళ్ళు రాశాను,” అన్నాడు ఆదిశేషు. “పోతే పోనీ. మీ దయతో బతకనక్కర్లేదు.”

ఆయన బొటనవేలు బల్ల అంచున ఉన్న గాజుబిళ్ళ మీద పెట్టాడు. ‘సమ్మతి లేదు’ అన్న ఎర్రగీత వైపు. మస్తాన్‌బీ లేవబోయింది కానీ, లేచి చేయగలిగిందేమీ లేదు.

“నమోదైంది,” అంది కనుసాక్షి. “వేరే సాక్షి లేరు. ‘లంకమేత’ను తొలగించాను. వాంగ్మూలం పుటలు మూడు. రచయిత చదివింది నాలుగు వాక్యాలు. పఠనశాతం ఏడు.”

“దాని శాతం ఎవడడిగాడు?” అన్నాడు విశ్వేశ్వరం.

“ఎవరూ అడగలేదు,” అంది మస్తాన్‌బీ. “పుస్తకం గురించి నోరెత్తే ప్రతివాడూ చదివి తీరాలని చట్టం రాశాం. తన పుస్తకం మీద రాసింది రచయిత చదవాలని మాత్రం రాయలేదు. చదవకుండా ఉంటాడా అనుకున్నాం.”

సుభాషిణి మొహం తెల్లబోయింది. ఇంతసేపూ నిటారుగా ఉన్న మనిషి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. “నిజంగా పోయిందా?” అని మస్తాన్‌బీని అడిగింది. మస్తాన్‌బీ తలూపింది. సుభాషిణి కుర్చీ బల్ల దగ్గరకు జరుపుకుంది. తర్వాత బోర్లా ఉన్న పలకను తిప్పి ఆదిశేషు ముందు పెట్టింది.

“ఇప్పుడు చదవండి. ఇక మీకు పోయేదేం లేదుగా.”

ఆయన ఎందుకు చదివాడో ఆయనకే తెలియదు. మొదటి పుట అంతా తిట్లే. రెండో పుటలో సగం తిట్లే. ఆ తర్వాత ఇలా ఉంది:

‘అయినా ఈ పుస్తకం బతకాలి. నాలుగువందల పన్నెండో పుట నుంచి నలభై మూడు పుటలు ఉన్నాయి. వరద తీశాక లంకలోని పంతులమ్మ బడి తలుపు తీసి, తడిసిన హాజరుపట్టీని కాగితం కాగితంగా విడదీసి ఆరబెడుతుంది. ఆరిన కాగితం చేత్తో పట్టుకుని పేర్లు పిలుస్తుంది. పలికే పిల్లలు లేరు. అయినా ఆమె రోజంతా పిలుస్తుంది, ఒక్క పేరూ వదలదు. పలకని పేరు పక్కన గైర్హాజరు అని రాయడానికి ఆమెకు చెయ్యి రాదు. చదివిన నాలుగుసార్లూ నేను అక్కడ పలక పక్కన పెట్టి లేచి వెళ్ళిపోయాను. నా భాషలో నేను చదివినవాటిలో దుఃఖాన్ని ఇంత నిజాయితీగా ఎవరూ రాయలేదు. దీనికోసం మిగతా ఎనిమిదివందల తొంభై మూడు పుటలను భరించవచ్చు, భరించాలి. ఈయనను ముప్ఫై ఏళ్ళుగా తిడుతూ వచ్చింది, ఇది రాయగల మనిషి మిగతాదంతా అలా రాస్తున్నాడన్న కడుపుమంటతోనే. ఈ పుస్తకానికి నేను సాక్షిని.’

ఆ అధ్యాయాన్ని ఆదిశేషు నాలుగు రోజుల్లో రాశాడు. ఆ నాలుగు రోజులూ అన్నం సరిగ్గా తినలేదు. తన జీవితంలో తాను రాసినవాటిలో మంచిది అదేనని ఆయనకు తెలుసు, ఎవరికీ చెప్పలేదు. అయిదేళ్ళుగా సభ తర్వాత సభలో వేదిక మీద కూర్చుని, మాట్లాడేవాళ్ళలో ఒక్కరైనా హాజరుపట్టీ అంటారేమోనని చెవులు రిక్కించి ఎదురుచూశాడు. ఎవరూ అనలేదు. మహానదీ ప్రవాహం అన్నారు.

ఆయనకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

“మీ సమీక్షలు...” అన్నాడు కాసేపటికి. “అన్నీ ఇట్లాగే ఉంటాయా? చివర్లో...”

“అన్నీ ఇట్లాగే ఉంటాయి. మా నాన్న వడ్రంగి. కర్రలో ముడులు ముందు చూపించి, చేవ తర్వాత చూపించేవాడు. నాకూ ఆ పద్ధతే అబ్బింది. మీ ప్రతి నవలలోనూ ఏదో ఒక మంచి ముక్క పట్టుకుని దానితోనే ముగించాను. ఎందుకు పలకరించడం మానేశారో, సభల్లో మొహం ఎందుకు తిప్పుకుంటారో నాకెప్పుడూ అర్థం కాలేదు. పొగిడినా కోపమేంటి ఈయనకు అనుకున్నా.”

“సుభాషిణి గారి సమీక్షల్లో గత ఏడేళ్ళలో వీరు తెరిచినవి మూడు,” అంది కనుసాక్షి, ఎవరూ అడగకుండానే. “రచయిత పఠనశాతం తొమ్మిది, ఎనిమిది, పదకొండు.”

విశ్వేశ్వరం ఎప్పుడు వెళ్ళిపోయాడో ఎవరూ చూడలేదు.

ఆదిశేషు మస్తాన్‌బీ వైపు తిరిగి చేతులు జోడించాడు. “అమ్మా, ఇంకా నాలుగు కాలేదు. ఒప్పుకుంటున్నానని రాయండి. వేలు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను.”

“రాసినా తెచ్చేందుకు పుస్తకం లేదు సార్. చెరిపేశాక దాని జాడ మాకూ ఉండదు. యంత్రం దగ్గర మిగిలింది ఆవిడ కళ్ళు ఎక్కడెక్కడ ఆగాయో ఆ లెక్కే. అక్షరాలు లేవు.”

ఆదిశేషు కూలబడ్డాడు. అప్పుడు సుభాషిణి నోరు విప్పింది.

“ఆ నలభై మూడు పుటలూ నాకు నోటికొచ్చు” అంది.

ఆయన తలెత్తి చూశాడు.

“నాలుగుసార్లు చదివానని యంత్రం చెప్పింది. ఆ అధ్యాయం ఎన్నిసార్లో చెప్పలేదు. చాలాసార్లు చదివాను. నేను చెప్తాను, మీరు రాసుకోండి. ఈవిడ కొత్త పుస్తకంగా నమోదు చేస్తుంది. చేస్తారుగా డాక్టర్ గారూ?”

“ఎన్ని పుటలైనా చేస్తాను,” అంది మస్తాన్‌బీ. ఉగాది తర్వాత మొదటిసారి ఆవిడకు ఈ ఉద్యోగం మీద కాస్త ఇష్టం కలిగింది. ఖాళీ పలక తెచ్చి ఆదిశేషు చేతికిచ్చింది, కుర్చీ దగ్గరకు జరుపుకుని తనూ కూర్చుంది.

సుభాషిణి కళ్ళు మూసుకుంది. గొంతు సవరించుకుని, చిన్నపిల్ల పద్యం అప్పజెప్పినట్టు ఒక్కో మాటా జాగ్రత్తగా చెప్పడం మొదలుపెట్టింది.

“నీళ్ళు తీసిన పదకొండో రోజున పంతులమ్మ బడి తలుపు తీసింది. బల్లలన్నీ వాయవ్యం మూలకు కొట్టుకుపోయి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, విరిగి ఉన్నాయి. ఆమె హాజరుపట్టీ కుట్లు విప్పి, కాగితం చిరగకుండా ఊపిరి బిగబట్టి, ఒక్కొక్కటే దండెం మీద...”

“దండెం కాదు” అన్నాడు ఆదిశేషు, రాయడం ఆపి.

సుభాషిణి కళ్ళు తెరిచింది. “ఏంటండీ?”

“దండెం మీద కాదు. బల్లల మీద పరిచింది.”

“దండెం మీదేనండీ. ఆ గాలికి అవి ఊగుతుంటే పిల్లలు కదిలినట్టు అనిపిస్తుందామెకు. బల్లలు విరిగిపోయి ఉన్నాయిగా, ఇప్పుడేగా చెప్పాను.”

“నాకు బాగా గుర్తుంది. బల్లల మీదే రాశాను.”

“సార్, ముందు ఆవిడ్ని పూర్తిగా చెప్పనివ్వండి, తర్వాత చూసుకోవచ్చు” అంది మస్తాన్‌బీ.

“అట్లా ఎట్లా వదిలేస్తామమ్మా?” ఆదిశేషు గొంతు పెరిగింది. కళ్ళలో నీళ్ళు ఇంకా ఆరలేదు. “పదకొండేళ్ళు రాసిన మనిషికి తెలియదా ఏది ఎక్కడ పరిచిందో? రాసింది నేనా, ఆవిడా?”

సుభాషిణి ఆయన వైపు కాసేపు చూసింది. ఈసారి ఆవిడకు కోపం కూడా రాలేదు. మంచినీళ్ళ సీసా సంచీలో పెట్టుకుంది, లేచింది, మస్తాన్‌బీకి నమస్కారం పెట్టింది. తలుపు దగ్గర ఆగలేదు.

“సుభాషిణి గారూ! ఏవండీ!” అని ఆదిశేషు కేకేశాడు. లిఫ్టు కిందికి దిగిన చప్పుడు వినిపించింది.

మస్తాన్‌బీ గడియారం చూసి, ఇక మూసేయాలి సార్ అంది. ఆయన చేతిలోని పలక మీద రెండు వాక్యాలు పూర్తిగా, మూడోది సగం ఉన్నాయి. ఆయన కలంతో దండెం అన్న మాట కొట్టేసి, పైన బల్లలు అని రాశాడు.